హైదరాబాదు భోజనపు బల్ల

మన పెన్‌పహాడ్ మండలములో హైదరాబాదు వెళ్లిరాని ఇల్లు ఈ రోజుల్లో వెదికినా దొరకదు. కొడుకు చదువు కోసమని ఒకరు, నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో చూపించుకోవడానికని ఒకరు, సికింద్రాబాదులోని బైబిల్ హౌస్ పనికో మహాసభలకో ఒకరు, ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేకపోవడముతో స్త్రీల సమాజపు అక్కలు, అమ్మలు కూడా ధైర్యముగా బయలుదేరుతున్నారు.

తిరిగి వచ్చినవారిని "పట్నంలో ఏం తిన్నరు?" అని అడిగి చూడండి. చాలామంది చెప్పే జవాబు ఒకటే. "సద్ది కట్టుకపోయినం, బస్టాండ్ల తిన్నం." సద్ది మంచిదే. దానిని కట్టి ఇచ్చిన చేయి ఇంకా మంచిది. కాని ఆస్పత్రి పని రెండో రోజుకు సాగితే సద్ది పులుస్తుంది. అప్పుడు రెండు అరటిపండ్లు, ఒక చాయ్‌తో కడుపు కట్టుకొని, రోగి కంటె తోడు వెళ్లినవారే నీరసించి ఇంటికి చేరుతారు.

ఇంత పెద్ద ఊరిలో, అదీ వంటకు పేరుపొందిన ఊరిలో, మనవారు ఆకలితో ఎందుకు తిరుగుతున్నారని మేము చాలాసార్లు ఆలోచించాము. మూడు భయాలు కనిపించాయి. మొదటిది డబ్బు. రెండవది, అక్కడ వండేది ఏ మాంసమో, తినవచ్చునో లేదో అనే సందేహము. మూడవ భయమును ఎవరూ నోరు తెరచి చెప్పరు. మనలాంటి వాళ్లము లోపలికి పోయి బల్ల ముందు కూర్చుంటే ఎవరేమంటారో అనే భయము అది. ఈ మూడింటినీ మనసులో పెట్టుకొని, మేము తిరిగి, తిని, చూసిన చోట్లను గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ ఊరి వంట ఎట్లా కలిసింది?

1591లో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు కట్టించి ఈ నగరమునకు పునాది వేశాడు. తరువాత అసఫ్‌జాహీ నిజాముల కాలము వచ్చి 1948 వరకు సాగింది. ఆ శతాబ్దములలో ఇరాను నుండి, అరబ్బు దేశము నుండి, తుర్కుల నుండి, ఉత్తర హిందుస్థానము నుండి సిపాయిలు, వర్తకులు, వంటవారు వచ్చి ఇక్కడ కాపురము పెట్టారు. దమ్ము మీద అన్నము వండడము, రొట్టెను పొయ్యి గోడకు అంటించి కాల్చడము, గోధుమను మాంసముతో కలిపి మెత్తగా ఉడికించడము వారు తెచ్చిన విద్యలు. మరి ఈ నేల ఇచ్చింది ఏమిటి? చింతపండు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, గోంగూర. బిర్యానీ పక్కన గిన్నెలో పోసే మిర్చీ కా సాలన్‌ను నాలుక మీద వేసుకొని చూడండి. నువ్వులు, పల్లీలు, చింతపులుసు కలిసిన ఆ రుచి మన ఇంటి పులుసుకు దూరపు చుట్టము కాదు, దగ్గరి బంధువే. బగారా బైంగన్ అంటే మన గుత్తివంకాయకు తోబుట్టువు. అంబాడా గోష్త్ అంటే గోంగూర మాంసమే.

బంధుత్వము అటునుండి ఇటు కూడా వచ్చింది. మన ఊళ్లలో పెళ్లయినా, క్రిస్మస్ విందయినా బగార అన్నము, యాట కూర లేకుండా ఎక్కడ జరుగుతున్నది? "బగార" అనే మాట పట్నపు వంటింటి నుండి వచ్చినదే. దాని అర్థము తాలింపు. హైదరాబాదు వంటను ఎన్నడూ రుచి చూడలేదనుకునే ముసలమ్మ కూడా తన మనుమడి పెళ్లిలో అదే తింటున్నది. ఇంకొక మాట. మన మిర్యాలగూడ మిల్లులు ఆడించిన బియ్యము ఈ నగరపు ఇండ్లకు చేరుతుంది. నగరము మధ్యగా పారే మూసీ మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పొలాలను తడిపి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కనుక ఆ ఊరికి పరాయివారిగా పోవలసిన పనిలేదు.

2019లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ అయిన యునెస్కో, ఆహారమునకు పేరుపొందిన సృజనాత్మక నగరముల పట్టికలో హైదరాబాదును చేర్చింది. ప్రపంచములో ఇట్లాంటి కలగలుపు వంట నగరములు మరికొన్ని ఉన్నాయి. అమెరికా దక్షిణాన మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లీన్స్ అనే ఊరు ఉన్నది. ఫ్రెంచివారు, స్పెయినువారు, ఆ దేశపు ఆదివాసులు, ఆఫ్రికా నుండి బానిసలుగా పట్టి తేబడినవారు, వీరందరి చేతులు కలిసి అక్కడ క్రియోల్ అనే వంట పుట్టింది. ఆ వంటలో పేరున్న పులుసు గంబో. ఆ మాటే ఆఫ్రికా భాషలో బెండకాయకు పేరు. బానిసల చేతి రుచి దొరల బల్ల మీదికి ఎక్కింది గాని, ఆ బల్ల దగ్గర నల్లవారికి కుర్చీ మాత్రము వేయలేదు. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చేవరకు ఆ దక్షిణ రాష్ట్రములలో హోటళ్లు నల్లవారిని తెల్లవారి పక్కన కూర్చోనివ్వలేదు. ఆ కాలములోనే న్యూ ఆర్లీన్స్‌లో లియా చేజ్ అనే నల్లజాతి వంటమనిషి నడిపిన హోటలులో నల్లవారు, తెల్లవారు కలిసి కూర్చొని గంబో తింటూ హక్కుల పోరాటమును గూర్చి మాట్లాడుకునేవారు. ఆ సంగతి చదివినప్పుడు మాకు మన ఊళ్లే గుర్తుకు వచ్చాయి. ఎందుకో కింద చెప్తాము.

మూసీ దాటి పాత నగరము

సూర్యాపేటలో బస్సెక్కితే 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి సుమారు 135 కిలోమీటర్లు. ఎల్.బి.నగర్‌లో దిగి మెట్రో రైలు ఎక్కవచ్చు, లేదా అదే బస్సులో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు పోవచ్చు. మనవారు ఇమ్లీబన్ అనేది దానినే. అక్కడి నుండి నయాపూల్ మీదుగా మూసీ దాటితే పాత నగరము. ఆటోకు దగ్గరి దూరమే.

నయాపూల్ దాటి మదీనా చౌరస్తా దగ్గరికి రాగానే షాదాబ్ హోటలు కనిపిస్తుంది. ఉదయము వెళ్తే నహారీ అడగండి. మేక కాళ్లను రాత్రంతా చిన్న మంట మీద ఉడికించి చేసే పులుసు అది. "నహార్" అంటే ఉదయము, అందుకే ఆ పేరు. చలికాలములో, ప్రయాణపు నొప్పులతో దిగినవారికి ఇంతకన్న మంచి మందు లేదని మా అనుభవము. దానికి తోడు నాలుగు మూలల రొట్టె, అంటే చార్‌కోనీ నాన్. ఆ రొట్టెకు పేరుపొందిన దుకాణము పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్. అది 1851లో మొదలైన దుకాణము. నేలలోని పొయ్యి గోడకు చేతితో రొట్టె అంటించి, పొంగగానే ఇనుప చువ్వతో లాగి తీసే పనిని పిల్లలకు తప్పక చూపించండి. వేడి రొట్టెలు కాగితములో చుట్టి ఇస్తారు. ఖరీదు కూలివారు సైతము భరించగలిగినదే.

కారము పడనివారికి, పిల్లలకు ఉదయపు పూట ఖిచ్డీ ఉన్నది. పసుపు వేసిన పప్పన్నము, పక్కన ఖీమా, మీద నువ్వుల చింతపులుసు. దానిని ఖట్టా అంటారు. మన పులగమే పట్నపు బట్టలు కట్టుకొని వచ్చినట్లు ఉంటుంది.

చార్మినారు పక్కన, మక్కా మసీదు వైపు నిమ్రా అనే చాయ్ హోటలు 1993 నుండి నడుస్తున్నది. ఇరానీ చాయ్ అనేది మన ఇంటి చాయ్ వలె పాలు, నీళ్లు, ఆకు ఒకటిగా మరిగించేది కాదు. ఆకు కషాయమును మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. పాలను వేరే గిన్నెలో చిక్కబడేవరకు కాస్తారు. అడిగినప్పుడు కప్పులో రెండింటినీ కలుపుతారు. దానితో ఉప్పు, తీపి కలిసిన ఉస్మానియా బిస్కెట్టు తినాలి. ఇద్దరుంటే "వన్ బై టూ" అని చెప్పండి. ఒక చాయ్‌ను రెండు కప్పులలో పోసి ఇస్తారు. ఈ ఊరిలో అట్లా అడగడము నామోషీ కాదు, అలవాటు.

ఒక్క కప్పు కథ

ఇరాను నుండి వచ్చినవారు ఈ నగరము చౌరస్తాలలో చాయ్ హోటళ్లు పెట్టి నూరేండ్లు దాటింది. పాలరాతి బల్లలు, నల్లని చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు. ఇప్పుడు వాటి సంఖ్య తగ్గిపోతున్నది గాని, మిగిలినవాటిలో పాత మర్యాద ఇంకా ఉన్నది. ఖాళీ కుర్చీ ఎక్కడుంటే అక్కడ కూర్చోవడమే ఆ మర్యాద. హమాలీ పక్కన వకీలు, వకీలు ఎదుట రిక్షావాడు. ఎవరూ ఎవరి కులమును అడగరు.

మా ఇంటి పెద్దలు ఈ సంగతి చెప్పేటప్పుడు వారి ముఖము చూడవలసినది. వారు ఎరిగిన ఒక పల్లె హోటలులో మాలమాదిగలకు వేరే గ్లాసులు ఉండేవి. గోడ గూటిలో నుండి గ్లాసు తీసుకొని, చూరు కింద నిలబడి తాగి, తామే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి రావాలి. రెండు గ్లాసుల పద్ధతి అని మన జిల్లాలలో అందరూ ఎరిగినదే. అట్లాంటి ఊరి నుండి పనికోసము పట్నము వచ్చినవారు ఇరానీ హోటలులో అడుగుపెట్టి, కుర్చీలో కూర్చొని, అందరూ తాగే కప్పులోనే చాయ్ తాగారు. కప్పు కడగడానికి లేవబోతే పిల్లవాడు వచ్చి తీసుకొని పోయాడట. "ఆనాటి చాయ్ చల్లారినా తియ్యగనే ఉండె" అని ఒక పెద్దమనిషి చాలాసార్లు చెప్పేవారు.

అందుకే మూడవ భయమును గూర్చి మేము గట్టిగా చెప్తున్నాము. లోపలికి వెళ్లండి. కుర్చీ లాగుకొని కూర్చోండి. చాలా హోటళ్లలో స్త్రీలు, పిల్లలు కూర్చోవడానికి ఫ్యామిలీ రూము వేరుగా ఉంటుంది. అడిగితే చూపిస్తారు. ధర ముందే అడగడము తప్పు కాదు. గోడ మీద పట్టిక ఉంటుంది, చదవరానివారు పక్కవారిని అడగవచ్చు.

బిర్యానీ ఎక్కడ, ఎట్లా?

హైదరాబాదు బిర్యానీ ప్రత్యేకత పచ్చి మాంసముతో వండడము. పెరుగు, అల్లము వెల్లుల్లి, పచ్చిమిరప, పుదీనా, వేయించిన ఉల్లిగడ్డలతో మాంసమును నానబెట్టి గిన్నె అడుగున పరుస్తారు. దానిమీద సగము ఉడికిన బాస్మతి అన్నము వేసి, మూత అంచుకు తడిపిండి అంటించి ఆవిరి పోకుండా మూస్తారు. కింద సన్నని సెగ. కొందరు మూత మీద కూడా నిప్పులు వేస్తారు. మాంసమూ అన్నమూ ఒకే సమయానికి ఉడకాలి. ముందు తీస్తే పచ్చి, ఆలస్యమైతే మాడు. కంటితో చూడకుండా, చెవితోను ముక్కుతోను లెక్క కట్టే పని అది.

తినవలసిన చోట్లను గూర్చి పట్నములో ఇద్దరు ఒక్క మాట చెప్పరు. మేము చూసినంతలో పాత నగరములో షాదాబ్, ఆబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటలు, బషీర్‌బాగ్ దగ్గర కేఫ్ బహార్, ఆర్టీసీ చౌరస్తాలో బావర్చీ, సికింద్రాబాదులో ప్యారడైజ్, ఇవన్నీ మంచివే. ప్యారడైజ్ 1953లో సినిమాహాలు దగ్గర చిన్న చాయ్ హోటలుగా మొదలై నేడు అంతస్తుల హోటలైంది. రైలు దిగి సికింద్రాబాదులో ఆగేవారికి స్టేషను ఎదురుగానే ఆల్ఫా హోటలు ఉన్నది. చాయ్, రొట్టె, బిర్యానీ తొందరగా దొరుకుతాయి.

డబ్బు సంగతి. ఒక ప్లేటు బిర్యానీ సాధారణముగా ఇద్దరికి సరిపోతుంది. నలుగురు వెళ్లి నాలుగు ప్లేట్లు చెప్పకండి. రెండు చెప్పి, చాలకపోతే మళ్లీ అడగండి. మధ్యాహ్నము పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్తే గిన్నె అప్పుడే తెరిచి ఉంటుంది. మాంసము అడుగున ఉంటుంది గనుక మీది అన్నము తెల్లగా ఉన్నదని చిన్నబుచ్చుకోవద్దు. అడుగు నుండి కలిపి తినాలి. భోజనము చివర డబల్ కా మీఠా గాని ఖుబానీ కా మీఠా గాని ఒక్కటి తెప్పించి అందరూ పంచుకోండి. మొదటిది నేతిలో వేయించిన బ్రెడ్డును పాలు, పంచదారలో నానబెట్టినది. రెండవది ఎండు ఆప్రికాట్ పండ్లను ఉడికించినది.

తినవచ్చునా?

ఇక రెండవ భయము. "ఆ హోటళ్లలో హలాల్ చేసిన మాంసము కదా, విశ్వాసులు తినవచ్చునా?" అని మన సంఘములలో కొందరు నిజముగా బాధపడి అడుగుతారు. వారిని తేలికగా తీసివేయకూడదు. మనస్సాక్షి చిన్న సంగతి కాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయములను, రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమును నెమ్మదిగా చదువుకోండి. అంగడిలో అమ్మే మాంసమును గూర్చి మనస్సాక్షి పేరుతో ప్రశ్నలు వేయకుండా తినవచ్చునని ఆయన బోధించాడు. భూమియు దానిలోని సమస్తమును ప్రభువువే గనుక అది ఆయనకు సమస్య కాలేదు. అయితే నా తిండి వలన బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లితే, ఆ తిండి నాకు వద్దనికూడ ఆయనే అన్నాడు. ఈ రెండు మాటలను కలిపి పట్టుకోవాలి. హలాల్ అంటే దేవుని పేరు చెప్పి కోయడము. విగ్రహమునకు అర్పించడము కాదు. ఆలోచిస్తే మన ఊళ్లలో పెళ్లికి యాటను కోసేటప్పుడు సాయబును పిలిచే అలవాటు ఎన్ని తరాల నుండి లేదు? ఊరిలో ప్రశ్న వేయనివారు పట్నములో వేయవలసిన అవసరము లేదు.

పెద్దకూర సంగతి కూడ చెప్పకుండా దాటిపోము. కల్యాణి బిర్యానీ అనే బోర్డు కనిపిస్తే అది బర్రె మాంసముతో చేసినది. బీదర్ ప్రాంతపు కల్యాణి నవాబుల ఇంటి నుండి వచ్చిన వంట అని చెప్తారు. యాట మాంసము కొనలేనివారి బిర్యానీగా పాత నగరములో దానికి పేరు. మన సంఘములలో పెద్దకూర తినే ఇండ్లు ఉన్నాయి, తినని ఇండ్లు ఉన్నాయి. తినేవారు తిననివారిని పిరికివారనకూడదు. తిననివారు తినేవారిని తక్కువవారనకూడదు. తినదలచనివారు హోటలులో కూర్చోగానే "మటనా, బడేకా?" అని అడిగితే చాలు, దాచకుండా చెప్తారు. బడేకా అంటే పెద్దకూర అని గుర్తుంచుకోండి.

శాకాహారము, తీపి, సద్దికి తోడు

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే కోఠి. అక్కడి గోకుల్ చాట్ దుకాణము సాయంత్రపు చిరుతిండ్లకు పేరుపొందినది. 2007 ఆగస్టు 25న అక్కడా లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి అనేకులు చనిపోయారు. ఆ దుకాణము మళ్లీ తెరుచుకున్నది, జనము మళ్లీ వచ్చారు. అక్కడ నిలబడి తినేటప్పుడు ఆ కుటుంబములను తలచుకొని ఒక్క నిమిషము ప్రార్థించడము మాకు అలవాటైంది.

ఆబిడ్స్‌లో 1948 నుండి ఉన్న తాజ్‌మహల్ హోటలు మాంసము ముట్టనివారికి మంచి ఆశ్రయము. ఇడ్లీ, దోసె, భోజనము, ఫిల్టరు కాఫీ అన్నీ శుభ్రముగా ఉంటాయి. అక్కడికి దగ్గరలోనే 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు. దాని గడియారపు గోపురము కింద ఐస్‌క్రీమ్ దుకాణములున్నాయి. సీతాఫలముల కాలములో వెళ్తే ఆ పండుతో చేసినది అడగండి. మార్కెట్టు పక్కన కరాచీ బేకరీ. దేశవిభజన తరువాత సింధు నుండి నిరాశ్రయులై వచ్చినవారు 1953లో పెట్టినది. ఊరికి ఏమి తీసుకొని పోవాలా అని ఆలోచించేవారికి అక్కడి పండ్ల ముక్కల బిస్కెట్లు సరైనవి. చెడిపోవు, పదిమందికి పంచవచ్చు. ఇల్లు పోగొట్టుకొని వచ్చినవారి చేతి తీపి ఈనాడు ఊరూరా పంచబడుతున్నదని పిల్లలకు చెప్పండి.

సాయంత్రము అయ్యేసరికి చాలా వీధుల పక్కన జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. మన వైపు పల్లెల నుండి వచ్చిన స్త్రీలు అరచేతులతో రొట్టె తట్టి, పెనము మీద కాల్చి, పచ్చడితో ఇస్తారు. మధుమేహము ఉన్నవారికి, కడుపు బరువుగా ఉన్నవారికి ఇది మంచిది. మాట కలిపితే మన యాసలోనే జవాబు వస్తుంది.

ఆస్పత్రికి వెళ్లినవారికి

ఆస్పత్రి పనిమీద వెళ్లినవారికి బిర్యానీ మాటలు చెప్పడము న్యాయము కాదు. వారికోసము మూడు మాటలు. లక్డీకాపూల్, రెడ్‌హిల్స్ వైపు నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. వాటి దగ్గర కేఫ్ నీలోఫర్‌లో చాయ్, బన్ను, బిస్కెట్లు దొరుకుతాయి. రాత్రి జాగరణ చేసి వచ్చినవారికి అది ఆసరా.

రెండవది, 5 రూపాయల భోజనము. నగరపాలక సంస్థ 2014లో దీనిని మొదలుపెట్టింది. హరేకృష్ణ మూవ్‌మెంట్ వారి ధార్మిక సంస్థ వంటశాలలో వండి పంపుతారు. అన్నము, పప్పు లేక సాంబారు, కూర, పచ్చడి. అన్నపూర్ణ అని పిలువబడిన ఈ కేంద్రములకు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు పెట్టి, కొన్ని చోట్ల ఉదయపు టిఫిను కూడ 5 రూపాయలకే పెట్టడము మొదలుపెట్టారు. పెద్ద ఆస్పత్రుల దగ్గర ఇవి ఉన్నాయి. "మనము బిచ్చగాండ్లమా" అని కొందరు అక్కడ నిలబడడానికి సిగ్గుపడతారు. ఆ వరుసలో చదువుకునే పిల్లలు, ఆటో నడిపేవారు, సెక్యూరిటీ పని చేసేవారు నిలబడతారు. మేమూ నిలబడ్డాము. అన్నము వేడిగా ఉన్నది. కృతజ్ఞతా ప్రార్థన చేసుకొని తిన్నాము.

మూడవది, తోడు వెళ్లినవారు తినకుండా ఉండకండి. బలము లేని తోడు రోగికి ఆసరా కాలేడు.

ఒకే పళ్లెము

రంజాను నెలలో పట్నము వెళ్తే హలీమ్ తినకుండా రాకండి. గోధుమలు, పప్పులు, మాంసము, నెయ్యి కలిపి గంటల తరబడి ఉడికిస్తూ కర్ర గుంజలతో దంచి ముద్దగా చేస్తారు. అరబ్బుల హరీస్ అనే వంట ఇక్కడి మసాలాలతో హలీమ్ అయింది. 2010లో హైదరాబాదు హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పగలంతా ఉపవాసమున్నవారు సాయంత్రము తినేది గనుక, వారు ఉపవాసము విడిచేవరకు ఆగి తినడము మన మర్యాద.

నగరము దక్షిణాన బార్కాస్ అనే పేట ఉన్నది. నిజాము కొలువులో అరబ్బు సిపాయిల బారకాసులు ఉన్న చోటు అది. అక్కడివారి వంట మండీ. పెద్ద పళ్లెములో అన్నము, మీద కాల్చిన మాంసము. నలుగురైదుగురు చుట్టూ కూర్చొని ఆ ఒక్క పళ్లెములోనే చేయి పెట్టి తింటారు. ఇప్పుడు జిల్లా పట్టణాలలో కూడ మండీ బోర్డులు వెలిశాయి. ఆ పళ్లెము ముందు కూర్చున్నప్పుడు ప్రభువు చివరి రాత్రి భోజనము మనసుకు వస్తుంది. ఆయనా శిష్యులూ ఒకే పాత్రలో చేయి ముంచారు. అప్పగించబోయేవాడిని కూడ ఆయన ఆ పాత్ర దగ్గరి నుండి లేపివేయలేదు.

పేతురు సంగతి కూడ తలచుకోండి. యొప్పేలో మిద్దె మీద దర్శనము చూసి కొర్నేలి ఇంటికి వెళ్లినవాడు, అన్యజనులతో కలిసి తిన్నవాడు, అంతియొకయలో కొందరు వచ్చేసరికి భయపడి బల్ల దగ్గరి నుండి పక్కకు తప్పుకున్నాడు. పౌలు ముఖాముఖిగా అతనిని ఎదిరించాడు. బోధలో తప్పు దొరకలేదు గాని బల్ల దగ్గర దొరికింది. కొరింథులో మరొక విధముగా జరిగింది. ఉన్నవారు ముందే తిని, లేనివారు ఆకలితో మిగిలిపోయారు.

ఇది మన సంఘములకు దూరపు సంగతి కాదు. క్రిస్మస్ నాడు షామియానా కింద కుర్చీలలో మొదటి పంక్తి ఎవరికి వేస్తున్నాము? పట్నము నుండి వచ్చిన ఉద్యోగస్థులకు, ఊరి పెద్దలకు. నాట్లకు పోయి వచ్చిన విధవరాలు, చర్చి ఊడ్చే అమ్మ చివరి పంక్తిలో అడుగు అన్నము తింటారు. మన పక్క పేటవారిని, వేరే కులపు విశ్వాసులను పిలిచినా వారు వేరే కూర్చుంటే మనము ఊరకుంటున్నాము. ఏ మతము వాడో తెలియని ఇరానీ హోటలు యజమాని మన తాతలకు ఇచ్చిన కుర్చీని, ప్రభువు బల్ల పేరు ధరించిన మనము ఒకరికొకరము ఇవ్వలేకపోతే అది సిగ్గు.

ప్రియ పాఠకులారా, పట్నము వెళ్లినప్పుడు ధైర్యముగా కూర్చొని తినండి. సద్ది కూడ కట్టుకొని పోండి, పక్కవాడికి పెట్టండి. ఇంటికి వచ్చి సాలన్ చేసి చూడండి. నువ్వులు, పల్లీలు, చింతపండు మీ ఇంట్లో ఉన్నవే. ఈ క్రిస్మస్‌కు బగార అన్నము గిన్నె దించినప్పుడు, మొదటి పంక్తిలో చర్చి ఊడ్చే అమ్మను కూర్చోబెట్టి, సంఘ పెద్దలు వడ్డించండి. ఆ అన్నము రుచి ఏ హోటలులోనూ దొరకదు.